వేళ్ల కణుపులు నొస్తుంటే నడుము కూడా కొలుచుకోండి

పొందూరులో నూలు వడికే మా మేనత్త తన వేలి ఉంగరాన్ని కంసాలి చేత కోయించుకోవలసి వచ్చింది. వేలికి కొవ్వు పట్టలేదు. మధ్య కణుపు దగ్గర ఎముక బుడిపెలా పెరగడంతో ఉంగరం దాన్ని దాటి రాలేదు. "ముప్పయ్యేళ్లు ఏకులు లాగిన సెయ్యి, అరిగిపోక ఏటవుద్ది?" అని ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. బొటనవేలి కొసతో కిలో బలంతో నొక్కిపడితే, ఆ వేలి మొదట్లోని కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. అయితే ఆవిడకు పరగడుపు షుగర్ కూడా ఎక్కువగానే ఉన్నదని ఆ తరువాతి వారం చేయించిన పరీక్షలో తేలింది. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూడడం ఎలాగో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ఒంటి బరువు మోకాళ్ల మీద పడుతుంది, వేళ్ల మీద పడదు. అయినా స్థూలకాయుల్లో చేతి కీళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థ్రైటిస్, కొంత ఎక్కువగా కనిపిస్తుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే నిలవ ఉండదు. లెప్టిన్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతూ ఒళ్లంతా సన్నని వాపును రగిలిస్తుంది, ఆ రక్తమే వేలి కీళ్లకూ చేరుతుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కీలులో ఎముకల కొసలను కప్పే మృదులాస్థిలోని ప్రొటీన్లకు అతుక్కుని, సాగే గుణం ఉండవలసిన పొరను పెళుసుగా మారుస్తుంది. స్థూలకాయంతో ఉన్నంత స్పష్టమైన సంబంధం షుగర్‌తో అన్ని అధ్యయనాల్లోనూ కనిపించలేదు కాబట్టి, షుగరే కీళ్లను అరగదీసిందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మనక్కరలేదు. వయసు, వంశం, నెలసరి ఆగిపోవడం, చేసే పని కూడా ఇందులో పాలు పంచుకుంటాయి.

ముందుగా నొప్పి ఎక్కడుందో గుర్తించాలి. గోటికి దగ్గరి కణుపు, వేలి మధ్య కణుపు, బొటనవేలి మొదలు, ఈ మూడు చోట్ల నొప్పి ఉండి, తెల్లవారి పట్టేసిన వేళ్లు అరగంటలోపే వదులైతే అది సాధారణంగా అరుగుదలే. పిడికిలి బిగిస్తే పైకి లేచే మెటికలు, మణికట్టు వాచి, పొద్దున్న బిగువు గంట దాటినా పోకపోతే అది వేరే కీళ్లవాతం కావచ్చు. కీలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా ఆగకుండా వైద్యుని కలవాలి. షుగర్ ఉన్నవారు ఇంకొక పని చేయాలి. రెండు అరచేతులూ కలిపి నమస్కారం పెట్టి, వేళ్లు పూర్తిగా ఆనుకుంటున్నాయా, మధ్యలో సందు మిగులుతోందా చూసుకోవాలి. సందు మిగిలితే కీళ్ల చుట్టూ ఉన్న చర్మమూ స్నాయువులూ షుగర్ వల్ల బిగిశాయేమో అనుమానించాలి. వేలు ముడుచుకుని టక్కున విడిపోవడం, రాత్రివేళ బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ తిమ్మిరెక్కడం కూడా షుగర్ ఉన్నవారిలో ఎక్కువే. ఇవేవీ అరుగుదల కావు, వీటికి వైద్యం వేరు.

తరువాత టైలర్ టేపు తీసుకోండి. చీర కుచ్చిళ్లు దోపిన చోటో లుంగీ ముడి దగ్గరో కొలిస్తే లెక్క తప్పుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, బట్ట అడ్డులేకుండా టేపు చుట్టి, పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. మన ప్రాంతపు వారిలో ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు హద్దు. రక్తపోటు 130/85, పరగడుపు షుగర్ 100, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 150, వీటిలో ఏది ఆ అంకెను చేరినా, దాటినా లెక్కలోకి వస్తుంది. మంచి కొలెస్ట్రాల్ ఆడవారిలో 50కి, మగవారిలో 40కి తగ్గినా అంతే. నడుముతో కలిపి ఈ ఐదింటిలో మూడు ఉంటే దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

తిండి విషయంలో మన జిల్లాల్లో చిక్కు బియ్యం దగ్గరే ఉంది. మూడు పూటలా పాలిష్ బియ్యం తినేవారు ఒక పూట అన్నాన్ని సగానికి తగ్గించి, ఆ చోటును కూరతోనూ ఉలవలతోనూ చేపతోనూ నింపితే చాలు, కొత్తగా ఏదీ కొననక్కరలేదు. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ షుగర్‌కు మందని చెంబులకు చెంబులు తాగేవారిని చూశాను. చోడి కూడా పిండి పదార్థమే, లెక్క దానికీ వర్తిస్తుంది. భోజనం అయ్యాక పావుగంట నడవడం షుగర్‌ను బాగానే అదుపు చేస్తుంది. బరువు తగ్గితే మోకాళ్లకు కలిగే మేలుకు ఉన్నంత గట్టి రుజువు వేళ్ల విషయంలో లేదు, వచ్చిన బుడిపెలు కరిగిపోవు. ఆ శ్రమ ముందుగా గుండెకూ కిడ్నీలకూ పనికొస్తుంది.

చేతికి చేయవలసినది చేతికి చేయాలి. పొద్దున్న పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో చేతులు ఉంచి, మెల్లగా పిడికిలి ముడిచి విప్పుతూ, బొటనవేలి కొసను ఒక్కొక్క వేలి కొసకు తాకిస్తూ పదేసిసార్లు ఆడించాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారు నీటి వేడిని మోచేతితో చూసుకోవాలి. తడి బట్టలను మెలితిప్పి పిండకుండా కొళాయికి తగిలించి రెండు చేతులతో కిందికి లాగడం, గరిటె కాడకు గుడ్డ చుట్టి లావు చేయడం, సంచిని వేళ్లకు కాక ముంజేతికి తగిలించుకోవడం చిన్న పనులే, కానీ గిల్లినట్టు పట్టుకునే అవసరాన్ని తగ్గిస్తాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవారు, పొందూరులో వడికేవారు పని మానలేరు. గంటకొకసారి చెయ్యి విదిలించుకుని, బొటనవేలి మొదటికి పట్టీ వేసుకుంటే కొంత ఊరట ఉంటుంది.

మందుల్లో మొదటిది డైక్లోఫెనాక్ వంటి పూత మందు. నొప్పి మాత్రల జోలికి వెళ్లే ముందు కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఎందరినో పట్టి ఉంది. ఆ మాత్రలు కిడ్నీల మీద భారం పెంచుతాయి, రక్తపోటునూ పెంచుతాయి. పేరు రాయకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు ఒక్కరోజులో నొప్పి తీసేస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి, అది షుగర్‌ను అమాంతం పెంచుతుంది. బొటనవేలి మొదట్లో వైద్యుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానంటే, మీకు షుగర్ ఉన్న సంగతి ముందే చెప్పి, వేయించుకున్నాక వారం రోజులు ఇంట్లో రోజూ షుగర్ చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి.