కార్తీకంలో అడవికి వెళ్తున్నారా? గడ్డి పురుగుల విషయంలో ఈ జాగ్రత్తలు తీసుకోండి

వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి హైదరాబాద్ జనం అడవి బాట పడతారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, ఆ తర్వాత వీకెండ్ ట్రెక్కింగ్‌లు, టెంట్లు, క్యాంప్‌ఫైర్లు సంక్రాంతి దాకా సాగుతూనే ఉంటాయి. వికారాబాద్ అనంతగిరి, నర్సాపూర్ అడవి, నల్లమలలో మల్లెల తీర్థం, ములుగు వైపు లక్నవరం, బొగత. బయల్దేరే ముందు అక్కడ పాములున్నాయా, చిరుతలు తిరుగుతాయా అని అడిగేవాళ్లు చాలామంది. గడ్డి ఎంత ఎత్తుందని మాత్రం ఎవరూ అడగరు. అందరికంటే ముందు అడగాల్సింది అదే.

ఆ గడ్డిలో రెండు రకాల పురుగులుంటాయి. ఒకటి పిడుదు. పశువుల చెవుల్లో, కుక్కల మెడ కింద పట్టుకుని రక్తం తాగుతూ ఉంటుంది, మన ఊళ్లలో గోమారి అని కూడా అంటారు. రెండోది చిగ్గర్. మిరప తోటను పట్టే ఎర్రనల్లికి దగ్గరి చుట్టం, ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల పురుగు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది కాబట్టి కంటికి దాదాపు ఆనదు. ఈ రెండూ ఎగరలేవు, దూకలేవు. గడ్డిపరక అంచున, ఆకు కొసన కాచుకుని కూర్చుంటాయి. మనిషి గానీ జంతువు గానీ రాసుకుంటూ వెళ్తే ఒంటికి అంటుకుంటాయి. కాలి మడమ దగ్గర ఎక్కి, మెత్తటి చర్మం దొరికేదాకా పైకి పాకుతాయి. అందుకే కుట్టిన చోటు తొడల మధ్య, నడుము దగ్గర, చంకలో, మోకాలి వెనక ఉంటుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, తెలియను కూడా తెలియదు.

మన వైపు ఎక్కువ టెన్షన్ పెట్టేది చిగ్గర్. దాని ద్వారా వచ్చే జ్వరమే స్క్రబ్ టైఫస్. ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చిగ్గర్ కుట్టిన తర్వాత దాదాపు పది రోజులకు జ్వరం మొదలవుతుంది. ఒక్కోసారి ఆరు రోజులకే రావచ్చు, ఒక్కోసారి మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా మనం ఆఫీసు పనుల్లో పడిపోయి ట్రిప్ సంగతే మర్చిపోతాం. ఫొటోలు కూడా పెట్టేసి ఉంటాం. పైగా హైదరాబాద్‌లో అదే డెంగీ సీజన్. జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. డెంగీ టెస్టు నెగటివ్ వచ్చినా ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుంటూ, బొప్పాయి ఆకు రసం తాగుతూ రోజులు గడిపేసే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. స్క్రబ్ టైఫస్‌కు మంచి మందు ఉంది, చవకైనది కూడా. కానీ ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: అడవికో, పొదలున్న చోటికో వెళ్లొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టర్ అడిగినా అడక్కపోయినా ఆ సంగతి మీరే చెప్పాలి.

బట్టలు, మందులు

షార్ట్స్, చెప్పులతో గడ్డిలోకి దిగొద్దు. ఫుల్ ప్యాంటు వేసుకుని దాని అంచుల్ని సాక్స్‌లోకి దోపండి. ఫొటోలో బాగుండదని మొహమాటపడేవాళ్లు ఉంటారు, నడిచేటప్పుడు దోపి ఫొటోకి తీసేయొచ్చు. బట్టలు లేత రంగువైతే పాకుతున్న పిడుదు కనిపిస్తుంది. వనభోజనాలకు చీర కట్టుకునే ఆడవాళ్లు లోపల లెగ్గింగ్స్, కాళ్లకు సాక్స్, బూట్లు వేసుకుంటే మేలు. చీర అంచు గడ్డిని ఊడ్చుకుంటూ వెళ్తుంది కదా.

పురుగులు దరిచేరకుండా ఒంటికి రాసుకునే మందు కొనేటప్పుడు డబ్బా వెనక డీట్ (DEET) అనే రసాయనం ఎంత శాతం ఉందో చదవండి. పెద్దవాళ్లకు 20 నుంచి 30 శాతం ఉన్నది కొన్ని గంటలు పనిచేస్తుంది. డీట్ బదులు ఐకారిడిన్ అనే రసాయనం 20 శాతం ఉన్నదైనా సరే. సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ముందు అది రాసుకుని, ఆ పైన ఇది రాసుకోవాలి. రెండు నెలల్లోపు పసివాళ్లకు డీట్ వాడొద్దు. కొంచెం పెద్ద పిల్లలకు పెద్దవాళ్లే రాయాలి. పిల్లల అరచేతులకు, కళ్ల చుట్టూ, నోటి దగ్గర రాయొద్దు. పురుగుల్ని చంపే పెర్మెత్రిన్ స్ప్రే దొరికితే బట్టలకు, బూట్లకు, టెంటుకు మాత్రమే కొట్టి, పూర్తిగా ఆరాక వాడండి. ఒంటికి కొట్టుకునేది కాదది. ఇంట్లో పిల్లి ఉంటే ఆ చుట్టుపక్కల అసలు కొట్టొద్దు, తడి పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ వద్దు

చిగ్గర్లు అడవి అంతటా సమానంగా ఉండవు. ఎలుకలు, పందికొక్కులు ఎక్కువగా తిరిగే చోట, అడవి అంచున పొదలూ గడ్డీ కలిసే చోట, వాగు గట్టున తేమ ఉన్న చోట గుంపులుగా ఉంటాయి. అంటే మనం చాప పరవాలనుకునే పచ్చటి, చల్లటి చోట్లే. టెంటు వేయాలంటే గడ్డి లేని, ఎండ పడే నేల చూసుకోండి. కన్నాలున్న గట్లు, ఎండుకట్టెల కుప్పలు, రాలిన ఆకులు పేరుకున్న చోట్లు వదిలేయండి. నేల మీద నేరుగా పడుకోవద్దు, కూర్చోవద్దు. జంపఖానా కంటే మందపాటి ప్లాస్టిక్ పట్టా నయం, మడత కుర్చీ ఇంకా నయం. టెంటు జిప్పు ఎప్పుడూ వేసి ఉంచండి, బూట్లు బయటే విప్పండి.

జలపాతంలో తడిసిన బట్టల్ని పక్కనున్న పొద మీద ఆరేయడం మనందరికీ అలవాటు. ఇది మానేయాలి. ఆ పొద మీదున్న పురుగులన్నీ ఆ టవల్‌తోనే ఒంటి మీదికి వస్తాయి. రెండు చెట్ల మధ్య తాడు కట్టుకుంటే చాలు. ఇంకొకటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. బాత్రూమ్ అవసరానికి పొదల చాటుకు వెళ్లి గడ్డిలో కూర్చుంటాం. నేరుగా తొడల మధ్యకు పురుగు చేరే దారి అదే. టాయిలెట్ ఉన్న క్యాంప్‌సైట్ ఎంచుకోండి. అది లేకపోతే గడ్డి లేని మట్టి నేల వెతుక్కోండి. ఆడవాళ్లకు చాటు దొరకదు కాబట్టి, వెళ్లే ముందే చిన్న టాయిలెట్ టెంటు ఏర్పాటు చేయడం నిర్వాహకుల బాధ్యత అని నా అభిప్రాయం.

అడవిలో దావత్ పెట్టి అక్కడే యాటను కోసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. జంతువు చనిపోయి ఒళ్లు చల్లబడుతుంటే పిడుదులు దాన్ని వదిలి కొత్త ఒంటిని వెతుక్కుంటాయి. ఆ సమయంలో దగ్గరగా ఉండేది కోసేవాళ్లే. పశువుల పిడుదుల వల్ల, జబ్బు పశువు రక్తం తగలడం వల్ల వచ్చే క్రిమియన్ కాంగో జ్వరం మన దేశంలో 2011లో గుజరాత్‌లో బయటపడింది, తర్వాత రాజస్థాన్‌లోనూ కనిపించింది. అందుకని మాంసం ఊళ్లోనే కొట్టించి, ఐస్‌పెట్టెలో తీసుకెళ్లండి. ఇక వేట సంగతంటారా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అడవి పంది మాంసమనో కుందేలనో ఎవరైనా అమ్మజూపినా తీసుకోవద్దు. చచ్చి పడున్న జంతువును ముట్టుకోవద్దు.

కుక్కను వెంట తీసుకెళ్లేవాళ్లు ముందుగా వెటర్నరీ డాక్టర్‌తో మాట్లాడి పిడుదుల మందు వేయించండి. తిరిగొచ్చాక దాని చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో, కాలర్ కింద వేలితో తడిమి చూడండి. కుక్క పిడుదు మనిషికి కూడా ఇంకో రకం టైఫస్ జ్వరాన్ని అంటించగలదు. ఈ రకంలో దద్దుర్లు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి.

ఇంటికి రాగానే

ఎంత అలసిపోయినా స్నానం చేయకుండా పడుకోవద్దు. రెండు గంటల్లోపు చేస్తే మంచిది. సబ్బు పెట్టి పీచుతో ఒళ్లంతా గట్టిగా రుద్దితే చిగ్గర్లు ఊడిపోతాయి. రాత్రి క్యాంపులోనే ఉండిపోతే తడి టవల్‌తోనైనా ఒళ్లు తుడుచుకోవాలి. వేసుకున్న బట్టల్ని మంచం మీద పడేయకుండా నేరుగా వేడినీళ్లలో వేయండి. చల్లనీళ్ల వాష్‌కు పిడుదులు చావవు. డ్రయర్ ఉంటే పొడి బట్టల్ని బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పినా చాలు. పట్టా, బ్యాగులు కారెక్కించే ముందే దులపాలి.

తర్వాత ఒళ్లు చూసుకోవాలి. చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, బొడ్డులో, నడుము చుట్టూ, మోకాళ్ల వెనక, రొమ్ముల కింద, తొడల మధ్య. పిల్లలకు తల్లిదండ్రులే చూడాలి, పెద్దవాళ్లు అద్దం వాడుకోవచ్చు.

పిడుదు పట్టుకుని కనిపిస్తే కంగారుపడొద్దు. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, సున్నం పెట్టడం, నెయిల్ పాలిష్ రాయడం ఏవీ చేయొద్దు. అది గింజుకుని లోపలున్న క్రిముల్ని గాయంలోకి మరింత వదిలే ప్రమాదం ఉంది. సన్నటి మొన ఉన్న ప్లకర్ తీసుకుని, చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పట్టుకోండి. మెలితిప్పకుండా, నిదానంగా, తిన్నగా పైకి లాగండి. నోటి ముక్క లోపల ఉండిపోయి తేలిగ్గా రాకపోతే దాన్ని కెలకొద్దు, చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ చోటును, చేతుల్ని సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి. తీసిన పిడుదును గోటితో నలపొద్దు. స్పిరిట్‌లో వేయండి, లేదా టేపుకు అంటించి పారేయండి. ఆ తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

కర్ణాటక వైపు వెళ్లేవాళ్లకు

చిక్కమగళూరు, ఆగుంబే, జోగ్ జలపాతం వైపు డిసెంబర్ నుంచి మే దాకా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అక్కడ పిడుదుల వల్ల క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ వస్తుంది. కోతి జ్వరం అంటారు. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూర్ అడవిలో బయటపడింది. తర్వాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లోనూ కనిపించింది. కోతులు చచ్చిపడి ఉన్న చోట ఆ పిడుదులు నేలంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి, అలాంటి చోట కనిపిస్తే వెనక్కి తిరిగి స్థానిక ఆరోగ్య సిబ్బందికో అటవీ సిబ్బందికో చెప్పండి. ఇది వైరస్, దీనికి ప్రత్యేకమైన మందు లేదు. పాత టీకా సరిగా పనిచేయక ఆపేశారు. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు చనిపోయే జబ్బు. పిడుదు కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వస్తే వెంటనే ఆసుపత్రిలో చేరాలి.

జ్వరం వస్తే

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో ఒంటి మీద చిగ్గర్ కుట్టిన మచ్చ ఉందేమో వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు, సుమారు ఒక సెంటీమీటరు. నొప్పి ఉండదు, దురద ఉండదు. బట్టల మాటున ఉంటుంది కాబట్టి కొందరు సిగ్గుపడి చూపించరు. దయచేసి చూపించండి, ఆ ఒక్క మచ్చతో సగం పని తేలిపోతుంది. మచ్చ కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు, చాలామందిలో అది కనిపించదు.

స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష చేస్తారు. జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజుల్లో అది నెగటివ్ రావచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2015 మార్గదర్శకాలు చెప్తున్నాయి. మందు డాక్సీసైక్లిన్, గర్భిణులకు అజిత్రోమైసిన్. సరైన మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు దీనికి పనిచేయవు. అవి ఎక్కిస్తున్నా జ్వరం తగ్గకపోతే స్క్రబ్ టైఫస్ గురించి డాక్టర్‌ను మర్యాదగానే, గట్టిగా అడగండి. మందుల షాపులో సొంతంగా డాక్సీసైక్లిన్ కొని మింగడం మాత్రం వద్దు. ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, మత్తుగా ఉండటం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆగొద్దు, పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఈ జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ మిగతా అందరూ మీతో పాటు అదే గడ్డిలో కూర్చున్నవాళ్లే. మీకు స్క్రబ్ టైఫస్ అని తేలిన రోజే ట్రిప్ గ్రూపులో మెసేజ్ పెట్టి, ఎవరికి జ్వరంగా ఉందో కనుక్కోండి. గ్రూపులో లేని డ్రైవర్‌కు, వంటమనిషికి ఫోన్ చేసి చెప్పండి.