ఫిల్టరు లేని మొక్కల తొట్టి: చేపలు ఇబ్బంది పడుతుంటే ఏం చూడాలి?

అడుగున మట్టి, దానిపై ఇసుక, నిండుగా మొక్కలు, గప్పీ, మోలీ వంటి చిన్న చేపలు కొద్దిగా ఉన్న తొట్టి ఫిల్టరు లేకపోయినా చక్కగా నడుస్తుంది. చేపలు విసర్జించే అమ్మోనియాలో కొంత మొక్కలు పీల్చుకుంటాయి. మిగిలినదాన్ని ఇసుకలోనూ ఆకులమీదా పెరిగే బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇందులో తేడా వచ్చినప్పుడు చాలామంది నేరుగా మందు సీసా దగ్గరికి వెళ్తారు. నా దృష్టిలో ముందు గమనించవలసింది ఆ లక్షణం ఏ వేళ కనిపిస్తోందన్నదే, ఎందుకంటే వేళను బట్టి కారణం మారిపోతుంది.

సమస్య: చేపలు నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి

తెల్లవారుజామున ఇలా కనిపించి, పొద్దెక్కేసరికి ఏమీ జరగనట్టు మళ్లీ అడుగున తిరుగుతుంటే అది చాలావరకు ఆక్సిజన్ కొరతే. మొక్కలు పగటి వెలుతురులో ఆక్సిజన్‌ను విడుస్తాయి కాబట్టి మధ్యాహ్నం ఆకుల అంచుల్లో సన్నని బుడగలు ముత్యాల్లా కనిపిస్తాయి, కానీ రాత్రంతా ఆ మొక్కలూ మట్టిలోని బాక్టీరియా కూడా చేపలతో పోటీపడి అదే ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల సూర్యోదయానికి ముందు దాని మట్టం బాగా పడిపోతుంది. ఎండాకాలంలో ఇది మరింత ముదురుతుంది: 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీలకు అది 7.5 దగ్గరికి తగ్గుతుంది. జనవరిలో హాయిగా ఉన్న తొట్టి మే నెలలో విజయవాడ బాల్కనీలో అవస్థపడటానికి ఇదొక్కటే చాలు.

అప్పటికప్పుడు చేయవలసింది, చెంబుతో తొట్టిలోని నీటినే తీసి జానెడు ఎత్తునుంచి మళ్లీ అందులోకే కాసేపు పోయడం. శాశ్వత పరిష్కారం కోసం నీటి పైభాగాన్ని చూడాలి. అంతర తామర వంటి తేలే మొక్కలు తొట్టినంతా కప్పేసి ఉంటే సగం తీసేయాలి. జిడ్డు పొర కట్టి ఉంటే పాత వార్తాపత్రిక కాగితాన్ని నీటిమీద పరిచి నెమ్మదిగా లాగితే పొర దానికంటుకుని వచ్చేస్తుంది. రాత్రిపూట చిన్న ఎయిర్ పంపు నడపడం మంచిదే. కరెంటు కోతలున్న ఊళ్లలో బ్యాటరీతో నడిచేదాన్ని ఎంచుకోవాలి.

వేళతో పనిలేకుండా రోజంతా రొప్పుతూ, మొప్పలు ఎర్రబడో గోధుమ రంగుకు తిరిగో ఉంటే అమ్మోనియాను గానీ నైట్రైట్‌ను గానీ అనుమానించాలి. కొత్త తొట్టిలో బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా చేపలను నింపేయడం మొదటి కారణమైతే, నర్సరీలో అమ్మే ఎరువు కలిపిన మట్టిని అడుగున వేయడం రెండోది. ద్రవ పరీక్ష కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకుంటే మేత ఆపి, పెరిగిన మోతాదును బట్టి రోజూ మూడోవంతు వరకు నీరు మారుస్తూ, వేగంగా పెరిగే హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ వంటి మొక్కలను గుప్పెళ్లకొద్దీ వేయాలి. నైట్రైట్ ఎక్కువగా ఉంటే పది లీటర్లకు ఐదు గ్రాముల కల్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ ఆ విషం మొప్పల ద్వారా ఒంట్లోకి చేరకుండా చాలావరకు అడ్డుకుంటుంది.

నీరు మార్చిన గంటలోపే రొప్పడం మొదలైతే తప్పు కొత్త నీటిదే. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి, లేదా వెడల్పాటి బకెట్లో ఒక రోజు ఆరుబయట ఉంచాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ, అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు, కాబట్టి దాన్ని కూడా గిలకొట్టి కొన్ని గంటలు ఆరనివ్వాలి.

సమస్య: పాత చేపలు బాగానే ఉన్నాయి, కొత్తగా తెచ్చినవి మాత్రం చనిపోతున్నాయి

శుభ్రమైనదన్న నమ్మకంతో ఆర్‌వో నీటినే పోస్తూ వచ్చిన తొట్లలో ఇది ఎక్కువ. అమ్మోనియాను మార్చే క్రమంలో బాక్టీరియా నీటిలోని కార్బొనేట్లను ఖర్చు చేస్తుంది; ఆర్‌వో నీటిలో అవి దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం) క్రమంగా 6 కంటే కిందికి జారి, చివరికి ఆ బాక్టీరియా పనే మందగిస్తుంది. పాత చేపలు ఆ మార్పుకు నెమ్మదిగా అలవాటుపడతాయి, కొత్తవాటికి ఆ అవకాశం ఉండదు.

ఇక్కడ తొందరపాటు ప్రాణాంతకం. ఆమ్ల నీటిలో అమ్మోనియా దాదాపు హానిలేని అమ్మోనియం రూపంలో పేరుకుని ఉంటుంది; 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో దాని విష రూపం అరశాతమే అయినా, 8కి చేరేసరికి అది ఐదు శాతమవుతుంది. ఒక్కసారిగా బోరు నీరు నింపి పీహెచ్‌ను పెంచేస్తే అంతవరకు బతికున్నవి కూడా పోయేది ఇందుకే. రోజుకు పదో వంతు చొప్పున రెండు వారాలపాటు ఆ బోరు నీటితోనే నీరు మార్చుతూ, పలుచని గుడ్డలో మూటకట్టిన ఆల్చిప్పల ముక్కలను తొట్టిలో ఉంచితే పీహెచ్ మెల్లగా కుదురుకుంటుంది.

సమస్య: నీరు రంగు మారింది

తెల్లగా పాలలా మారితే నీటిలో బాక్టీరియా విపరీతంగా పెరిగిందని అర్థం. మేత తగ్గిస్తే చాలావరకు కొద్ది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. నాచు పెరిగి ఆకుపచ్చగా మారితే ఎండ, పోషకాలు మొక్కల అవసరాన్ని మించాయని అర్థం. నేరుగా పడే ఎండను తప్పించి, మూడు నాలుగు రోజులు తొట్టిని గోనెపట్టాతో పూర్తిగా కప్పాలి. ఆ రోజుల్లో ఎయిర్ పంపు ఆపకూడదు, ఎందుకంటే చీకట్లో చచ్చే నాచు కూడా ఆక్సిజన్‌ను తినేస్తుంది.

సమస్య: అడుగునుంచి కుళ్లిన గుడ్ల వాసన

మట్టి మందం ఎక్కువైనప్పుడు లోపలికి గాలి చేరక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. మట్టి ఒక అంగుళం, పైన ఇసుక మరో అంగుళం దాటకూడదు. ఇప్పటికే వాసన వస్తుంటే మట్టిని ఒకేసారి కెలకకుండా, వెదురుపుల్లతో రోజుకొక మూల నెమ్మదిగా గుచ్చి గ్యాసును విడిపించి, వేళ్లు లోతుగా దిగే వాలిస్నేరియా మొక్కలను అక్కడ నాటాలి. గుచ్చిన ప్రతిసారీ నల్లటి మట్టి పైకి లేస్తుంటే ఆ మట్టిని కొత్తగా వేసుకోవడమే తక్కువ శ్రమ.