షెల్టర్ కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు

ఇంట్లో అందర్నీ అడగండి. అత్తగారు మొహమాటానికి తలూపితే అది ఒప్పుకోలు కాదు. అద్దె ఇల్లయితే ఓనర్‌కీ ముందే చెప్పాలి.

ఒక్క చూపుతో తెచ్చేసుకోవద్దు. రెండు మూడుసార్లు వెళ్లి, కాసేపు నడిపించి చూడండి. చెవి కొసన కోత కనిపిస్తే దెబ్బ అనుకోకండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని గుర్తు.

టీకా కార్డులో రేబిస్, పార్వో, డిస్టెంపర్ తేదీలు చూడండి. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి. ఉంటే వాటి వల్ల జబ్బేదైనా సోకిందేమో తెలియడానికి రక్తపరీక్ష చేయించండి.

దీపావళి దగ్గర్లో మాత్రం తేవద్దు. కొత్త ఇల్లు, పైగా టపాసులు!

మాది వచ్చిన మూడు రోజులూ మంచం కిందే. పిలిస్తే ఇంకా లోపలికి జరిగేది. అర్ధరాత్రి లైట్లు ఆపాక పెరుగన్నం గిన్నె నాకుతున్న చప్పుడు వినిపించేది, అంతే. బయటికి లాగకండి, గిన్నె పెట్టి తప్పుకోండి.

ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ విషమే. మిగిలిన సాంబారన్నం కూడా వద్దు, అందులో ఉల్లి ఉంటుంది.

మెడబెల్టు ఒక్కటే నమ్ముకోవద్దు, బెదిరితే తల వెనక్కి లాగి జారిపోతుంది. ఛాతీకి కట్టే హార్నెస్ కొనండి. గేటు కింద సందు కూడా మూయించండి.

కరిచినా, రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.