హాలోవీన్ డెకరేషన్ కట్టే ముందు నిజం గబ్బిలాల సంగతి చూస్కోండి

అక్టోబర్ 31కి మా అపార్ట్‌మెంట్ పిల్లలు బాల్కనీల్లో నల్ల చార్ట్ గబ్బిలాలు కడతారంట, బానే ఉంది గానీ హైదరాబాద్‌లో పాత మర్రిచెట్టు పక్కన ఉండేవాళ్ళకి నిజంవి ఎలాగూ ఉంటాయి కదా, అందుకే స్టూల్ ఎక్కే ముందు ఇవి చూడండి.

- ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పగలే టార్చ్ వేసి చూడండి. కింద ఎలుక పెంటికల్లాంటి గబ్బిలాల రెట్టలు ఉంటే చీపురుతో పొడిగా ఊడవొద్దు, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ఫంగస్ పట్టొచ్చు. మాస్కు, గ్లోవ్స్ వేస్కొని సబ్బునీళ్ళతో తడిపాకే తుడవాలి.

- దూదిలా సాగే నకిలీ సాలెగూడు బయట వద్దే వద్దు, గబ్బిలాలూ పిట్టలూ చిక్కుకుంటాయి. ఇంట్లో గోడకి వేస్కోండి.

- గబ్బిలం లోపలికొస్తే ముందు ఫ్యాన్ ఆపండి, లైట్లు తీసేసి కిటికీ తెరిస్తే అదే పోతుంది. దోమల బ్యాట్ పట్టుకుని వెంటపడకండి ప్లీజ్, చిన్న గబ్బిలాలు తినేదే పురుగుల్ని, దోమల్ని.

- ఉత్త చేతుల్తో అస్సలు ముట్టుకోవద్దు, చచ్చిపడున్నా సరే. కరిచినా గీరినా సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి. పసుపు, కారం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు మన దగ్గర!

- గబ్బిలాలు కొరికి పడేసిన జామకాయలు పిల్లలు తినకుండా చూడండి.

- గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు ఎల్‌ఈడీ, పక్కనే కాగితం వేలాడుతుంటుంది కాబట్టి. దిష్టి గుమ్మడికాయని మాత్రం కొయ్యకండి, అమ్మమ్మ ఊరుకోదు.