ఘాట్ ఎక్కనని మొరాయించే క్యాంపర్ వ్యానుకి క్రౌన్ పినియన్ మార్చడం

మా కోనసీమలో ఎత్తు అంటే కాలవ మీద వంతెనే. అందుకే మంచం, స్టవ్వు, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు బిగించిన వ్యాను కూడా అమలాపురం నుంచి రాజమండ్రి దాకా హాయిగా పోతుంది. మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ మొదలయ్యాక తెలుస్తుంది దాని సంగతి: మూడో గేరులో మూలుగు, రెండులో వేస్తే అరుపు, వెనక లారీ హారను.

దీనికి ఒక మందు, ఇంజిన్ తిప్పుడుని వెనక చక్రాలకి అందించే పళ్ల చక్రాల జత మార్చడం: పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. అయితే వెంటనే హౌసింగ్ (ఆ జత ఉండే యాక్సిల్ పెట్టె) విప్పించకండి. ముందు వేబ్రిడ్జి మీద తూకం వేయించండి, నిండు ట్యాంకంటేనే 200 కిలోలు, ఆ నీళ్లు కొండమీదా దొరుకుతాయి. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు, క్లచ్ చూడండి. కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించారా? అయితే జబ్బు అక్కడే ఉండొచ్చు.

ఇప్పుడున్న రేషియో (క్రౌన్ ఒక చుట్టుకి పినియన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) తెలియాలంటే ముందు చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక ఒక్క చక్రమే లేపి స్టాండు మీద నిలపండి (జాకీని నమ్మి కిందకి దూరొద్దు). ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే (రెండో చక్రం కదలదు కాబట్టి క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది) ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్సు నుంచి పినియన్‌కి వచ్చే పొడుగు కడ్డీ, ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. నాలుగు చుట్ల పైన కాస్త తిరిగితే 4.10 దగ్గర, నాలుగున్నర దాటితే 4.56 దగ్గర అన్నమాట.

పినియన్‌కి 10 పళ్లు, క్రౌన్‌కి 41 ఉంటే 4.10. అదే 9, 41 అయితే 4.56. చక్రం దగ్గర లాగుడు 11 శాతం పెరుగుతుంది, అన్ని గేర్లలోనూ. ఊరికే రాదు మరి: చుట్టుకి 2.2 మీటర్లు పోయే టైరు, డైరెక్ట్ టాప్ గేరు (ఇంజిన్, షాఫ్ట్ సమానంగా తిరిగేది) అనుకుంటే 80 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 2,480 బదులు 2,760 చుట్లు తిరుగుతుంది. ఏడాదిలో పది నెలలు డెల్టాలోనే తిరిగేవాళ్లు ఇంతకు మించి పోతే హైవే మీద డీజిల్‌కీ చెవులకీ దండగ. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే ముందు యాక్సిల్లో కూడా అదే రేషియో పడాలి.

ఇంట్లో చేసుకునే పని కాదిది. క్రౌన్, పినియన్ జతగానే కొనండి, రెండూ కలిపి అరగదీసినవి. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపితే రెండూ ఏడుస్తాయి. బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి. మెకానిక్ దగ్గర పళ్ల మధ్య సందు కొలిచే డయల్ గేజ్ లేకపోతే, "చేత్తో ఊపితే తెలిసిపోద్దండీ" అంటే, దణ్ణం పెట్టి వచ్చేయండి. పళ్ల మధ్య సందు మాన్యువల్లో చెప్పినంతే ఉండాలి, అది సుమారు మిల్లీమీటరులో ఐదో వంతు. పళ్లకి రంగు పూసి తిప్పితే అచ్చు పంటి మధ్యలో పడాలి, అంచున పడితే షిమ్ (సర్దుబాటుకి వేసే పలచటి రేకు) మార్చి మళ్లీ మొదలు.

మొదటి 800 కిలోమీటర్లు లోడు లేకుండా మెల్లగా నడిపి, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ మళ్లీ మార్చండి. గేర్‌బాక్సు నుంచి రీడింగ్ తీసుకునే స్పీడోమీటరైతే ఉన్నదానికన్నా 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, సరిచేయించాలి. యాక్సిల్ బ్రీదర్‌కి (లోపలికి గాలి ఆడే రంధ్రం) గొట్టం తగిలించి ఛాసీ పైదాకా లేపించండి, గోదారి పొంగి రోడ్డు మీదకి నీళ్లొచ్చినప్పుడు అందులోంచి నీరు లాగితే కొత్త ఆయిల్ పాలు పోసిన టీలా అవుతుంది.