మాటల వేరు పట్టుకుందాం – 4వ పాఠం: మన్ను, మట్టి

పోయిన పాఠంలో ఇల్లు–ఇంటి, కన్ను–కంటి లాంటి జతలు రాసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ దాంతోనే పని.

కాళ్లకు అంటేదానికి మనకు రెండు మాటలున్నాయి: మన్ను, మట్టి. చూడగానే అక్కచెల్లెళ్లు అనిపిస్తాయి. మన్నుకు 'లో' చేరిస్తే 'మంటిలో' అవుతుంది, ఆ మంటిలో సున్న పోయి మట్టి అయిందని నేనూ చాలాకాలం నమ్మాను. అది తప్పు. ఆ తప్పు ఎలా బయటపడుతుందో తెలుసుకోవడమే ఈ పాఠం.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: తెలుగు, కన్నడం, తమిళం. మొదటి వరసలో కన్ను, కణ్ణు, కణ్ రాయండి. తర్వాత అన్న, అణ్ణ, అణ్ణన్. ఆపైన వెన్న, బెణ్ణె, వెణ్ణెయ్. నిలువుగా చదవండి. వాళ్లు 'ణ' పలికినచోట మనం 'న' పలుకుతున్నాం. ఇప్పుడు నాలుగో వరస: మన్ను, మణ్ణు, మణ్. అచ్చుగుద్దినట్టు అదే లెక్క! ఒక్క మాట కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు, నాలుగూ ఒకే దారిలో నడిస్తే మన్ను మన ద్రావిడ ఇంటిదే.

ఇక మట్టి సంగతి. పాత కాగితం చూడండి. కంటి 'కట్టి' కాలేదు, ఇంటి 'ఇట్టి' కాలేదు. మరి మంటి ఒక్కటే సున్న ఎందుకు పోగొట్టుకుంటుంది? పైగా హిందీలో మిట్టీ, బెంగాలీలో మాటి, మరాఠీలో మాతీ ఉన్నాయి. వీటన్నిటి మూలం సంస్కృత 'మృత్తిక'. ప్రాకృతంలో, అంటే పాతకాలపు జనం వాడుక భాషలో, అది 'మట్టిఆ' అయింది, అక్కణ్ణుంచి మనకు మట్టి వచ్చింది. 'త్త' కాస్తా 'ట్ట' కావడానికి ముందున్న 'ఋ' కారణం. ఋ తర్వాతి త, ద లాంటి అక్షరాలు ట, డ వైపు జరగడం ప్రాకృతాల్లో తరచూ కనిపిస్తుంది. వృద్ధ హిందీలో బూఢా అయిందీ ఇలాగే.

పుట్టిళ్లు వేరైనా రెండూ మన నోట్లో కలిసే ఉన్నాయి. అలాగని ఒకదాని చోట ఇంకోటి పెట్టలేం. మందకొడి మనిషిని 'మన్ను తిన్న పాములా' అంటాం, ఓడించడాన్ని 'మట్టి కరిపించడం' అంటాం. మార్చి పలికి చూడండి, చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో! పోతన భాగవతంలో చిన్ని కృష్ణుడు తిన్నదీ మన్నే. మా అమ్మమ్మకు పనికిమాలిన కబుర్లన్నీ 'మన్నూ మశానం'. ఈ జతల్ని మీ ఇంట్లో పెద్దవాళ్ల నోటి నుంచి వినండి, వినగానే రాసిపెట్టుకోండి. డిక్షనరీలో దొరకనివీ దొరుకుతాయి.

వచ్చే పాఠానికి పని: 'పుడమి' అనే మాట తీసుకోండి. ముందు మూడు గళ్లలో పెట్టి చూడండి. అక్కడ కుదరకపోతే భూమికి సంస్కృతంలో ఉన్న పేర్లన్నీ రాసి, వాటిలో ఋ ఉన్నదాన్ని వెతకండి.