శ్రావణమాసం పెళ్లి బజారు: డబ్బు సంచి ఎవరి దగ్గరుంది?

శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే బెజవాడ వన్‌టౌన్‌లో కాలు పెట్టే చోటుండదు. కృష్ణ అవతలి ఊళ్ల వాళ్లు, ఏలూరు వైపు వాళ్లు, ఖమ్మం నుంచి రైల్లో దిగేవాళ్లు అందరూ వస్త్రలత బట్టల కాంప్లెక్స్‌కీ, మెయిన్ బజారుకీ వచ్చి పడతారు. పోయిన వారం మా వీధిలో ఒక కుటుంబం కూతురి పెళ్లి బట్టలకని వెళ్లి ఏడుస్తూ తిరిగొచ్చింది. మార్పిడికి తీసుకెళ్లిన పాత గాజులు, కొంత నగదు ఉన్న సంచి పోయింది. మొదట దొంగలు కొట్టేశారన్నారు. నెమ్మదిగా అడిగితే తేలిందేమిటంటే, ఎవరూ లాక్కోలేదు, ఎవరూ బ్లేడుతో కోయలేదు. సంచి చీరల కొట్లో పరుపు మీద ఉండిపోయింది. వీళ్లు మాత్రం జాకెట్ ముక్కల కొట్టుకి వెళ్లిపోయారు.

"వదినా, సంచేదీ?"

"నీ దగ్గరుందనుకున్నానే!"

ఈ మాట మీదే ఎన్నో పెళ్లిళ్లు అప్పుల్లో పడటం చూశాను. జేబుదొంగలున్నారు జాగ్రత్త అని బోర్డులుంటాయి, మైకుల్లో పోలీసులు చెబుతూనే ఉంటారు, అవన్నీ నేను మళ్లీ చెప్పను. జేబుదొంగ తీసుకెళ్లేది ఒక పర్సు. "నీ దగ్గరుందనుకున్నా" అనే మాట మొత్తం సంచినే తీసుకెళ్తుంది.

అది ఎలా జరుగుతుందో చూడండి. చెప్పులు విప్పి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటారు. సంచి ఒళ్లో ఉంటుంది. గుమాస్తా నాలుగు చీరలు విప్పేసరికి అంచు పట్టుకుని చూడాలంటే రెండు చేతులూ కావాలి, సంచి మోకాలి పక్కకి దిగుతుంది. పదో చీరకి సంచి మీద రెండు చీరలు పడి ఉంటాయి. ఇంతలో పిల్లాడు నీళ్లంటాడు. అమ్మ లేచి వెళ్తూ "పిన్నీ, కాస్త చూడు" అంటుంది. పిన్ని ఆ సమయానికి ఫోన్లో పెళ్లికొడుకు వాళ్లకి చీర ఫోటో పెడుతోంది, "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" చీరకా, సంచికా అన్నది ఎవరికీ తెలియదు. బిల్లు మాత్రం మామయ్య జేబులోంచి కట్టేస్తాడు కాబట్టి అక్కడ సంచి తెరవాల్సిన పని పడదు. అందరూ లేస్తారు. ఇక పక్కనున్న మనిషి మంచివాడా కాదా అన్న దాని మీద మీ అదృష్టం ఆధారపడుతుంది.

అందుకే నేను చెప్పే నియమం ఒక్కటే: సంచి ఒక్క మనిషి దగ్గరే ఉండాలి, సంచి పట్టుకున్న మనిషి చీరలు చూడకూడదు.

పెళ్లికూతురి తల్లికి ఇవ్వొద్దు. ప్రతి చీరకీ అందరూ ఆవిడ మొహమే చూస్తారు. తండ్రికీ ఇవ్వొద్దు, బేరం మొదలైతే ఆయనకి ప్రపంచం గుర్తుండదు. కంచికీ ధర్మవరానికీ తేడా తెలియని బాబాయి ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు, ఆయన్ని తీసుకెళ్లండి. సంచి పట్టీ మెడలోంచి అడ్డంగా, సంచి పొట్ట మీద. ఆయన పరుపు మీద కూర్చోకూడదు, స్టూలు మీద కూర్చోవాలి. ఆయన టీకి వెళ్లాలన్నా, బాత్రూంకి వెళ్లాలన్నా "సంచి నీకిస్తున్నా" అని నోటితో చెప్పి ఇవ్వాలి, తీసుకున్నవాళ్లు "నా దగ్గరుంది" అని నోటితో అనాలి. నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

సంచిలో ఏముండాలన్నది కూడా ముందే చూసుకోవాలి. పెళ్లి బజారంటే నోట్ల కట్టలు తీసుకెళ్లడం మన వాళ్లకి అలవాటు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు కొట్టువాడు తీసుకోకూడదు. అంతకి మించిన కొనుగోలుకి పాన్ కార్డు కూడా అడుగుతారు. మరి ఆ కట్టలు మోసుకెళ్లి చేసేదేమిటి? యూపీఐకి మీ బ్యాంకు పెట్టిన రోజువారీ పరిమితి ఎంతో ముందు రోజే చూసుకోండి. చిన్న కొట్లకి, ఆటోలకి, కూలీలకి సరిపడా నగదు చాలు.

బంగారం, బట్టలు ఒకే రోజు పెట్టుకోవద్దు. బంగారం పని అయ్యాక నేరుగా ఇంటికి. పాత బంగారం మార్చేవాళ్లు ఇంట్లో ప్రతి వస్తువుకీ ఫోటో తీసి, బరువు రాసుకుని బయలుదేరండి. కొట్లో తూకం మీ కళ్లముందు, రాళ్ల బరువు ఎంత తీశారో బిల్లు మీద. కొత్త వస్తువు మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, 22కె916 లాంటి స్వచ్ఛత సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు. ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, అక్కడే, డబ్బు కట్టకముందే. కొట్టువాడు మొహం చిట్లించినా సరే.

ఇక దారి సంగతి. కాళేశ్వరరావు మార్కెట్ పేరు ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు గారిది. ఆ చుట్టూ ఉన్న సందులు కార్లు రాకముందు పుట్టినవి, ఇప్పుడూ కార్లకి లొంగవు. కారు బయటెక్కడో పెట్టి ఆటోలో రండి. పెళ్లి కిరాణా టోకున కావాలనుకునేవాళ్లకి గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ నయం, బండి లోపలిదాకా వెళ్తుంది. బట్టలు దసరాకి వాయిదా వేద్దామనుకుంటే, మూలా నక్షత్రం రోజున మాత్రం వన్‌టౌన్ వైపు చూడకండి. ఆరోజు కొండ మీది దుర్గమ్మ సరస్వతీ అలంకారంలో ఉంటుంది, కింద రోడ్లన్నీ మళ్లిస్తారు, మీరు కొట్టు చేరరు.

మిగతావి వరసగా చెబుతాను, కారణాలు అడగొద్దు.

స్కూటీ డిక్కీలో డబ్బు, నగలు పెట్టి "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్లొద్దు. డిక్కీ బీరువా కాదు.

మీ వెనక నోట్లు పడ్డాయని ఎవరైనా చెబితే వంగొద్దు. మీ చొక్కా మీద ఏదో పడిందని చెబితే తుడుచుకోవద్దు. ముందు సంచి మీద చెయ్యి వేయండి, తర్వాత చొక్కా చూసుకోవచ్చు.

పోలీసులమని చెప్పి, ముందు వీధిలో గొలుసు తెంపారు, మీ నగలు తీసి కాగితంలో చుట్టుకోండి అనేవాళ్లు పోలీసులు కారు. నిజం పోలీసు నగలు తీయించి పొట్లం కట్టించడు. అరవండి, పక్క కొట్లోకి వెళ్లండి.

సేఠుకి కొడుకు పుట్టాడు, ముసలివాళ్లకి చీరలు పంచుతున్నాడు, నగలుంటే ఇవ్వడు, తీసి దాచుకో అవ్వా అంటారు మోసగాళ్లు. నానమ్మలకి ఈ మాట ఇంట్లోనే చెప్పి తీసుకురండి. అసలు నానమ్మని ఒంటరిగా మెట్ల మీద కూర్చోబెట్టి వెళ్లొద్దు.

షేర్ ఆటోలో మధ్య సీటు వద్దు. ఇద్దరు ఆడవాళ్లు అటూ ఇటూ ఎక్కి మీ మీదకి ఒరిగితే దిగిపోండి.

ఆటో ఎక్కేముందు నంబరు ఫోటో తీయండి. సంచి ఆటోలో మర్చిపోతే మీకున్న ఆధారం అదొక్కటే.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక పేరు చదవండి, కొట్టు పేరా కాదా అని అడిగాకే పిన్ కొట్టండి. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. తర్వాత బ్యాంకు. ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఫోన్‌కుండే గుర్తింపు నంబరు, ఐఎంఈఐ, ఇంట్లో కాగితం మీద రాసి ఉంచండి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫోన్ బ్లాక్ చేయడానికి అది కావాలి.

పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ. తప్పిపోతే అత్యవసర నంబరు 112.

బట్టల కాంప్లెక్స్‌లో పైకెక్కేముందు రెండో మెట్ల దారి ఎక్కడుందో చూసుకోండి. పొగ వస్తే చీరలు, కవర్లు వదిలేయండి. కవర్ల కోసం వెనక్కి వెళ్లినవాడు వెనకున్నవాళ్లకీ అడ్డమే.

వాన పడి వీధిలో నీళ్లు నిలిస్తే కరెంటు స్తంభాన్ని పట్టుకోవద్దు. డ్రైనేజీ మూత కనపడని చోట అడుగు వేయొద్దు. రైల్వే వంతెన కింద నీళ్లుంటే ఆటోవాడు దాటిస్తానన్నా దాటొద్దు.

కవర్లు లెక్కపెట్టుకోండి. కొట్టు మారినప్పుడల్లా.

సంచి ఎవరి దగ్గరుంది? కొట్టు మారినప్పుడల్లా అదీ అడగండి. "ఉంటుందిలే" అన్నది జవాబు కాదు. "నా దగ్గరుంది" అన్నదే జవాబు.

సంచి పోయిందని తెలిస్తే అందరూ తలో దిక్కుకి పరుగెత్తొద్దు. ఇద్దరు చివరగా కూర్చున్న కొట్టుకి, ఇద్దరు దానికి ముందరి కొట్టుకి. యజమానిని బతిమాలి సీసీ కెమెరా చూడమనండి, అప్పుడే, రేపు కాదు. ఒకరు నగల ఫోటోలతో స్టేషన్‌కి. ఎవరి తప్పన్నది ఇంటికెళ్లాక తేల్చుకోండి.